పైసలు ఎక్కడ ముట్టినయి?

దోహాలో సూక్ వాకిఫ్ బజారుకి నేను మామూలుగా వెళ్ళేది ఖర్జూరాల కోసం, లేదంటే ఇంటి నుంచి ఎవరైనా వస్తే ఊరు చూపించడం కోసం. ఓ శుక్రవారం సాయంత్రం మాత్రం పాత నాణేలూ తపాలా బిళ్ళలూ అమ్మే ఒక చిన్న కొట్టు ముందు ఆగిపోయాను. అద్దం కింద ఒక పది రూపాయల నోటు ఉంది. మన నోటే. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. కానీ రంగు ఎరుపు, నంబరు ముందు ఇంగ్లీషు 'జెడ్'.

"ఇది ఇండియా నోటు కాదు, ఇక్కడి నోటు" అన్నాడు కొట్టాయన, మలయాళం కలిసిన హిందీలో. అచ్చు వేసింది ఇండియా, చెల్లేది మాత్రం ఇక్కడేనట. పక్కనే ఒక తపాలా బిళ్ళ చూపించాడు. బొమ్మ ఇంగ్లండు రాణిది, పైన 'ఖతార్' అని అచ్చు, ధర చూస్తే నయాపైసల్లో!

మామూలు రోజుల్లో అయితే "భలే ఉందే" అనుకుని ముందుకు పోయేవాణ్ణి. కానీ ఆ వారమే ఇండియా ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర నుంచి నాకో ఉత్తరం వచ్చి ఉంది. దాని సారాంశం ఒక్క ముక్కలో చెప్పాలంటే - ఈ పైసలు నీకు ఎక్కడ ముట్టినయి?

'ముట్టడం' అనే మాట కోస్తా మిత్రులకి కాస్త కొత్తగా ఉండొచ్చు. మా జగిత్యాల వైపు పంపినది చేరితే "ముట్టింది" అంటాం. మా చిన్నప్పుడు గల్ఫ్ ఇళ్ళల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన మాట ఇదేనేమో. "పైసలు ముట్టినయా?" "ముట్టినయి." నేను చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది సాఫ్టువేరు కన్సల్టింగ్. చరిత్ర నా సబ్జెక్టు కాదు. కానీ ఆ ఎర్ర నోటూ, ఆ ఉత్తరమూ, మా బాపు పద్నాలుగేళ్ళ కష్టమూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయని అర్థమయ్యాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ముందు నోటు సంగతి చూద్దాం.

ఖతార్ అంటే ఇప్పుడు గ్యాసు, మెట్రో, 2022 ప్రపంచ కప్పు. నూనె దొరకకముందు ఇక్కడి జనం బతికింది ముత్యాల మీద. వేసవి నెలల్లో పడవల మీద వెళ్ళి, మునిగి తెచ్చిన ముత్యాలు ఎక్కువగా బొంబాయి చేరేవి. మన చార్మినార్ దగ్గర అమ్మిన 'బస్రా ముత్యాలు' కూడా ఈ సముద్రపు పంటే. ముత్యం అటు పోతే రూపాయి ఇటు వచ్చేది. బియ్యం, బట్ట, పడవలకి కలప కూడా అటు నుంచే. ఈ తీరం వ్యవహారాలు చూసే బ్రిటిష్ అధికారులు సైతం 1947 దాకా ఇండియా ప్రభుత్వం కిందే పనిచేశారు. కాబట్టి ఇక్కడ రూపాయి చెల్లడం ఎవరికీ వింత కాదు.

ఇంకో సంగతి. మునిగేవాడికి జీతం లేదు. సీజను ముందు అడ్వాన్సు, సీజను చివర్లో వాటా. ముత్యం ఎంతకి అమ్ముడుపోయిందో, దాన్ని కొన్నది ఎవరో అతనికి తెలిసే దారి లేదు. లెక్క అంతా పడవ యజమానిదీ, అప్పిచ్చిన వర్తకుడిదీ. వాటా ఎప్పుడూ అడ్వాన్సుకి సరిపోదు, బాకీ వచ్చే ఏటికి పోతుంది. ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకి పని చేస్తూ, చేతిలో కాగితం ముక్క లేకుండా బతకడం ఈ ఊళ్ళో చాలా పాత అలవాటన్నమాట. 1930ల్లో జపాను పెంపుడు ముత్యాలు వచ్చి ఈ వ్యాపారాన్ని కూల్చేశాయి. దుఖాన్‌లో నూనె దొరికినా, యుద్ధం అడ్డుపడి మొదటి ఎగుమతి 1949 డిసెంబరు దాకా ఆగింది.

నూనె డబ్బు వచ్చిన తర్వాత కూడా జేబులో ఉన్నది మన రూపాయే. ఒక పౌనుకి పదమూడు రూపాయల పైచిలుకు - బొంబాయిలోనూ అంతే, దోహాలోనూ అంతే. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఇండియాలో బంగారం దిగుమతి మీద ఆంక్షలు, అందుకే ధర ఎక్కువ. గల్ఫ్‌లో ఆంక్షలు లేవు, ధర తక్కువ. బొంబాయి నుంచి నోట్ల కట్టలు గల్ఫ్‌కి దాటిపోయేవి, ఆ నోట్లతో బంగారం కొని దొంగతనంగా ఇండియాకి చేర్చేవాళ్ళు. ఇక్కడి బ్యాంకుల్లో పోగైన ఆ నోట్లు తిరిగి రిజర్వ్ బ్యాంకుకి వెళ్ళేవి. "ఇవి మీ నోట్లు, బదులుగా పౌన్లివ్వండి" అంటే ఇవ్వక తప్పదు. అంటే మనవాళ్ళు కొన్న దొంగబంగారానికి మన రిజర్వ్ బ్యాంకే పౌన్లలో బిల్లు కట్టినట్టు! అసలే 1957 నుంచి విదేశీ మారక ద్రవ్యానికి కటకట.

దానికి కనిపెట్టిన మందే ఈ ఎర్ర నోటు. 1959లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి, గల్ఫ్ కోసమే వేరే నోట్లు వేశారు. విలువ మన రూపాయితో సమానం, కానీ రంగు వేరు, నంబరు ముందు జెడ్, ఇండియాలో చెల్లదు. హజ్ యాత్రికులకి ఇంకో రకం నోట్లు వేశారు. ఇక బొంబాయి నోటు ఇక్కడికి తెచ్చినా దానికి పౌన్లు రావు.

ఇది చదివినప్పుడు నా సాఫ్టువేరు బుర్రకి వెంటనే తట్టింది - ఇది డబ్బుకి ట్యాగు తగిలించడమే కదా! పది రూపాయలు పది రూపాయలే. కానీ ఏ దారిలో వచ్చిందో నోటు మీదే రాసి ఉంటుంది. దేశం విలువ కన్నా దారిని పట్టించుకోవడం అన్నమాట. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

గల్ఫ్ రూపాయి ఎక్కువ కాలం బతకలేదు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. ఖతార్, దుబాయి కలిసి ఒక కరెన్సీ వేసుకుందామని 1966 మార్చిలో ఒప్పందం రాసుకున్నాయి. ఆ నోట్లు రాకముందే, 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకి 4.76 ఉన్నది ఒక్కసారిగా 7.50 అయింది. గల్ఫ్ రూపాయి మన రూపాయి మెడకి కట్టి ఉందాయె, అదీ దానితోపాటే పడింది. ఢిల్లీలో ఎవరో సంతకం పెడితే దోహాలో కూలివాడి జేబులో నోటు బరువు తగ్గింది. ఖతార్ కొన్నాళ్ళపాటు సౌదీ రియాల్ వాడుకుని, ఆ సెప్టెంబరు 18న 'ఖతార్-దుబాయి రియాల్' విడుదల చేసింది. దాని విలువ ఎంత పెట్టారంటే, పడకముందు రూపాయి ఎంతో అంత! అంటే జూన్ మొదట్లో రూపాయికి సమానమైన విలువ, సెప్టెంబరులో మన డబ్బులో రూపాయిన్నర పైనే. ఇప్పటి ఖతారీ రియాల్ 1973లో వచ్చింది. డాలరుకి 3.64 చొప్పున దశాబ్దాలుగా కట్టేసి ఉంది. ఇప్పుడు ఒక రియాల్ మనకి ఇరవై రూపాయల పైమాటే. నడక మొదలైంది మాత్రం సమానంగానే.

1973లో నూనె ధర పెరిగాక మన ఊళ్ళ నుంచి జనం బయల్దేరారు. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల్లో బోర్లు ఎండిన ఊళ్ళు, బీడీలు చుట్టే ఊళ్ళు. బొంబాయి ఏజెంటు, అప్పు, వీసా, విమానం. మా బాపు 1983లో దోహా వచ్చాడు, తాపీ మేస్త్రిగా. 1997లో తిరిగి వెళ్ళిపోయాడు. నేను పుట్టిన తర్వాత మొదటి తొమ్మిదేళ్ళలో ఆయన్ని నేను చూసింది నాలుగుసార్లు.

బాపు పైసలు పంపింది హుండీలో. దాదాపు అందరూ అంతే. ఎందుకో ఇప్పటి పిల్లలకి చెబితే గానీ అర్థం కాదు. బ్యాంకుకి పోవాలంటే సెలవు కావాలి, ఫారం నింపాలి, అది ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటుంది. డ్రాఫ్టు పోస్టులో పోయి, టౌనులో బ్యాంకులో మారి, చేతికి రావడానికి వారాలు. హుండీవాడు క్యాంపుకే వచ్చేవాడు. 1985 ప్రాంతంలో సర్కారు లెక్కన రియాల్‌కి మూడున్నర రూపాయలు కూడా రాని రోజుల్లో అతను ఇంకాస్త ఎక్కువ ఇచ్చేవాడు. ఆ 'ఎక్కువ' ఎక్కడి నుంచి వచ్చేదంటే, మళ్ళీ బంగారం నుంచే, ఇంకా లెక్కల్లో చూపని వ్యాపారం నుంచి. 1959లో ఏ కన్నానికి ఎర్ర నోటు అడ్డం పెట్టారో, అదే కన్నం పేరు మార్చుకుంది. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం, అదే ఫెరా, 1974 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం హుండీ నేరం. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళ కోసం ఎన్నారై ఖాతాలు 1970లోనే వచ్చాయి. కానీ వాటి సంగతి మా క్యాంపులోకి వచ్చి చెప్పినవాళ్ళు లేరు.

హుండీలో రసీదు ఉండదు. ఒక రూపాయి నోటు మీది నంబరు ఉంటుంది. ఇక్కడ బాపుకి ఆ నంబరు చెప్తారు, ఊళ్ళో ఆ నంబరు చెప్పినవాడికి డబ్బు ఇస్తారు. మా తాత అది తీసుకుని లెక్కపెట్టుకునేవాడు. తర్వాత అమ్మ పక్కింటి అక్కతో ఉత్తరం రాయించేది - "మీరు పంపిన సామాను ముట్టింది." పైసలు అని రాయకూడదు, ఎంతో రాయకూడదు. ఎవరైనా చదివితే! ఆ ఉత్తరాలు బాపు ఇప్పటికీ ఒక రేకు పెట్టెలో దాచుకున్నాడు. అన్నిటిలోనూ సామాను ముట్టింది. ఎంత సామానో ఒక్కదానిలోనూ లేదు.

ఆ డబ్బుతో తాత పేరు మీద మూడున్నర ఎకరాలు కొన్నారు. బాపు దోహాలో ఉన్నాడు, రిజిస్ట్రేషన్‌కి రాలేడు, ఇంటి పెద్ద తాత. ఆ రోజుల్లో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. 2006లో తాత పోయాడు. చిన్నాయన సగం అడిగాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. అందరికీ తెలుసు ఆ భూమి ఎవరి పైసలతో కొన్నదో. అయినా ఒకాయన అడిగాడు, మర్యాదగానే - "ఏమన్న కాయితం ఉన్నదా, బిడ్డా?"

బాపు రేకు పెట్టె తెచ్చాడు. ఉత్తరాలు తీశాడు. సామాను ముట్టింది, సామాను ముట్టింది... ఆయన చదువుతుంటే నవ్వినవాళ్ళు లేరు. చివరికి చెరిసగం చేశారు. చిన్నాయనని నేను ఇప్పుడు తప్పు పట్టను. పద్నాలుగేళ్ళు ఆ భూమిని దున్నింది ఆయనే, దానికీ కాయితం లేదు కదా. ఇద్దరు అన్నదమ్ముల కష్టానికీ రుజువు లేకపోతే, మిగిలింది పట్టా మీద ఉన్న తాత పేరొక్కటే.

1990లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. ఆ ఏడు ఆగస్టులో కువైట్ మీద దాడి జరిగి గల్ఫ్ డబ్బు తగ్గిపోయింది, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టుకుంది. 1993 మార్చి కల్లా రూపాయి రేటును చాలావరకు బజారుకే వదిలారు. సర్కారు రేటుకీ హుండీ రేటుకీ తేడా తగ్గిపోయింది. 2000 జూన్ 1న ఫెరా పోయి ఫెమా వచ్చింది, నేరాలుగా చూసినవి జరిమానా కట్టే తప్పులయ్యాయి. బాపు వెళ్ళిపోయిన కొద్ది ఏళ్ళకే, ఆయన ఏ కారణాలతో హుండీ వాడాడో అవి చాలావరకు లేకుండా పోయాయి.

ఇంత తెలిసినవాణ్ణి, ఎమ్మెస్సు చేసినవాణ్ణి, నేనేం చేశానో వినండి.

2021లో జర్మనీలో ఒక చిన్న కంపెనీకి పక్కపనిగా కోడ్ రాసే అవకాశం వచ్చింది. ఖతార్‌లో వీసా మీద ఉన్నవాడు అనుమతి లేకుండా ఇంకొకరికి పని చేయకూడదు. అందుకని ముందుగానే ఇక్కడి యజమాని దగ్గర, సంబంధిత శాఖ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. ఆ కాగితం చూసుకుని మహా మురిసిపోయాను. బాపులా కాదు, నాది పక్కా వ్యవహారం అనుకున్నాను. ఇన్వాయిసు మీద ఏ ఖాతా నంబరు ఇవ్వాలి? హైదరాబాదులో ఫ్లాటు వాయిదాలు ఎలాగూ ఇండియాలోనే కట్టాలి కదా అని నా ఎన్నారై ఖాతా నంబరే రాశాను. యూరోలు స్విఫ్టులో బయల్దేరి నేరుగా ఇండియాలో రూపాయలుగా దిగేవి. పదకొండు నెలలు. ఎన్నారై ఖాతాలో పన్ను ఉండదు అని అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను.

ఉత్తరం వచ్చాక కరీంనగర్‌లో ఒక ఆడిటర్ గారికి ఫోను చేశాను. నేను చెప్పిందంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పైసలు మొదలు యాడ ముట్టినయి సార్?"

"ఇండియా ఖాతాలోనే అండీ."

"గదే మరి" అన్నారాయన.

విషయం ఏమిటంటే, ఎన్నారై ఖాతాలో పన్ను లేనిది వడ్డీకి. అందులో పడ్డ డబ్బు ఏమిటన్నది వేరే ప్రశ్న. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం బయటి దేశంలో ఉండేవాడికి ఇండియాలో పన్ను పడేది రెండు రకాల డబ్బు మీద: ఇండియాలో సంపాదించినది, ఇండియాలో *అందుకున్నది*. నేను సంపాదించింది దోహాలో కూర్చుని, ఇచ్చినవాడు జర్మనీలో. కానీ మొట్టమొదట నా చేతికి వచ్చింది ఇండియాలో. అదే డబ్బు ముందు దోహా ఖాతాలో దిగి, మర్నాడు నేనే ఇండియాకి పంపుకుని ఉంటే, అది నా సొంత డబ్బు పంపుకోవడం అవుతుంది. మొదటి మజిలీ ఒక్కటి తేడా. డబ్బు అదే, పని అదే. ఎర్ర నోటు గుర్తొచ్చిందా?

ఈ నియమం నా మీద కక్షతో పెట్టింది కాదు లెండి, చాలా పాతది. 1922 చట్టంలోనూ ఉంది. అప్పట్లో 'బ్రిటిష్ ఇండియా' వేరు, సంస్థానాలు వేరు. మా తాత చిన్నతనంలో జగిత్యాల నిజాం రాజ్యం. అక్కడ హాలీ సిక్కా, ఇవతల కల్దారు రూపాయి, ఏడు హాలీకి సుమారు ఆరు కల్దార్లు. సంస్థానంలో ఉన్న వ్యాపారికి బ్రిటిష్ ఇండియా కొనుగోలుదారు అంటే, పన్ను లెక్కలో బయటి దేశపు క్లయింటే!

అలాంటి వ్యాపారులవి రెండు కేసులు స్వతంత్రం వచ్చాక సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. బరోడా సంస్థానంలోని కేశవ్ మిల్స్ కేసులో 1953లో కోర్టు చెప్పింది - అందుకోవడం అంటే డబ్బు మొట్టమొదటిసారి నీ అదుపులోకి వచ్చిన సందర్భం. తర్వాత దాన్ని ఎక్కడికి మార్చుకున్నా అది మళ్ళీ అందుకోవడం కాదు. రెండోది నాకు మరీ ఇష్టమైనది. ఔంధ్ సంస్థానంలో ఓగలే గ్లాస్ వర్క్స్ అని లాంతర్లు చేసే కంపెనీ. భారత ప్రభుత్వానికి లాంతర్లు అమ్మి, బిల్లు మీద డబ్బు చెక్కు రూపంలో పంపమని రాసింది. ఢిల్లీలో చెక్కు రాసి పోస్టులో వేశారు. ఔంధ్‌లో అందుకుని, అక్కడి బ్యాంకులో వేసుకున్నారు. మరి డబ్బు ఎక్కడ ముట్టినట్టు? ఔంధ్‌లోనే అంది కంపెనీ, బొంబాయి హైకోర్టు కూడా ఔననే అంది. 1954లో సుప్రీంకోర్టు కాదంది. చెక్కు పంపమని మీరే అడిగారు కాబట్టి పోస్టాఫీసు మీ తరఫు మనిషి అయింది, ఢిల్లీలో పోస్టు డబ్బాలో పడ్డప్పుడే మీకు ముట్టింది, పన్ను కట్టండి అని.

చూశారా, ఒక్క వాక్యం బిల్లు మీద రాసినందుకు! నేను ఇన్వాయిసు అడుగున రాసిన ఖాతా నంబరూ అలాంటి ఒక్క వాక్యమే.

ఓడల్లో పనిచేసే మనవాళ్ళకి సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. సముద్రం మీద చేసిన పనికి జీతం నేరుగా ఎన్నారై ఖాతాలో పడితే పన్ను కట్టమన్నారు. గొడవలయ్యాక 2017 ఏప్రిల్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులరు ఇచ్చింది - బయటి దేశంలో ఉన్నట్టు లెక్కకొచ్చే ఓడ ఉద్యోగి జీతాన్ని, కేవలం ఎన్నారై ఖాతాలో పడిందన్న కారణంతో పన్నులో కలపవద్దని. అది ఓడ ఉద్యోగులకే. సాఫ్టువేరు వాళ్ళం దానిలో లేము.

ఇండియాకీ ఖతార్‌కీ మధ్య రెండుసార్లు పన్ను పడకుండా 1999లో ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని సవరించిన కొత్త ఒప్పందం మీద 2025 ఫిబ్రవరిలో, అమీర్ షేక్ తమీమ్ ఢిల్లీ వచ్చినప్పుడు సంతకాలయ్యాయి. "ఒప్పందం పట్టుకుని కొట్లాడొచ్చు, మరి ఆ ఏటికి మీరు ఖతార్ నివాసి అని అక్కడి పన్ను శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నదా?" అన్నారు ఆడిటర్ గారు. లేదు. అడగాలనే నాకు తెలియదు. ఇక్కడ జీతం మీద పన్ను లేదు కాబట్టి పన్ను శాఖ గడప తొక్కే అవసరమే రాలేదు. (వ్యాపారాదాయం అయితే వేరు, 2018 చట్టం ప్రకారం సాధారణంగా పది శాతం.)

పన్నూ వడ్డీ కలిపి కట్టాను. దాదాపు నాలుగు నెలల జీతం. అంతకన్నా గుచ్చుకున్నది వేరే. "ఏమన్న కాయితం ఉన్నదా?" అని నన్నూ అడిగారు, నేనూ బాపులాగే తప్పు పెట్టె తెరిచాను.

ఇలాంటి పక్కపని చేస్తున్న మిత్రులకి నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. ఇది సలహా కాదు, దెబ్బ తిన్నవాడి మాట. మీ ఆడిటర్‌ని అడగకుండా ఏదీ చేయకండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు బయటి క్లయింటు డబ్బుని ముందు మీరున్న దేశపు ఖాతాలోనే దింపుకోండి, తర్వాత ఇంటికి పంపండి. ఒప్పందం, ఇన్వాయిసు, బ్యాంకు కాగితం మూడూ ఒక్కచోట ఉంచండి. ఏ ఏటికి ఆ ఏడు నివాస సర్టిఫికెట్ తీసుకోండి. ఇండియాలో గడిపిన రోజులు లెక్కపెట్టుకోండి. 2020 బడ్జెట్ తర్వాత, ఇండియా నుంచి పదిహేను లక్షలకి మించి ఆదాయం ఉండి, ఏ దేశంలోనూ పన్ను పడని భారత పౌరుణ్ణి ఇండియా నివాసిగానే లెక్కేస్తారు. ఆ ఫిబ్రవరిలో ఇక్కడ చాలామందికి గుండె జారింది. మర్నాడే ప్రభుత్వం, గల్ఫ్‌లో నిజంగా పని చేసుకునేవాళ్ళ అక్కడి సంపాదన మీద పన్ను వేయబోమని వివరణ ఇచ్చింది. అయినా అలాంటివాళ్ళు ముందే చూసుకోవడం మంచిది.

ఇంటికి తిరిగి వెళ్ళి అక్కడి నుంచి బయటి క్లయింట్లకి పని చేసేవాళ్ళకి దారి వేరే. ఇండియా నివాసి అయ్యాక డబ్బు ఏ దేశంలో దిగినా ఇండియాలో పన్ను లెక్కలోకి వస్తుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక బయటి దేశానికి చేసిన సేవని ఎగుమతిగా చూస్తారు, రిజిస్టరైనవాళ్ళు హామీపత్రం ఇచ్చుకుంటే పన్ను కట్టకుండానే బిల్లు వేయొచ్చు. కానీ ఒక షరతు - డబ్బు విదేశీ కరెన్సీలో, లేదా రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్న చోట రూపాయల్లో, వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం ఉండాలి. మళ్ళీ అదే ప్రశ్న: ఏ దారిలో ముట్టింది? పేపాల్ మీద బతికిన పాత కాపులకి 2011 గుర్తుండే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నియమాలతో ఒక్కో చెల్లింపు ఐదు వందల డాలర్లు దాటకూడదన్నారు, ఆ ఏడే మూడు వేలకి పెంచారు. అప్పుడు అందరం తిట్టుకున్నాం. ఇప్పుడు చూస్తే అదీ ఎర్ర నోటు లాంటిదే అనిపిస్తోంది, డబ్బు వచ్చే దారికి ఒక రంగు పూయడం.

1961 చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లు మారాయి. 'ఇండియాలో అందుకున్నది' అన్న మాట మాత్రం మారలేదు.

అన్నట్టు, ఆ పది రూపాయల నోటు కొన్నాను. కొట్టాయన చెప్పిన ధరకి బేరమాడాను గానీ పెద్దగా తగ్గలేదు. మొన్న సెలవుకి ఊరెళ్ళినప్పుడు బాపుకి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, నేను అనుకున్నట్టు బొమ్మ గురించో రంగు గురించో అడగలేదు. నంబరు చదివాడు, అంకెలన్నీ ఒకటొకటిగా, గట్టిగా. ముప్పై ఏళ్ళ కిందట ఎవరికో ఫోనులో చెప్పినట్టు.

తర్వాత అడిగాడు, "దీనికి రసీదు తీసుకున్నవా?"

తీసుకున్నాను. రేకు పెట్టెలో పెట్టమని ఆయనకే ఇచ్చాను.